ఒక్క పేరుకి అనుమతి

మా ఆఫీసులో పాత ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ దాన్ని బాగుచేసే తెలివి కూడా తనతోనే పట్టుకుపోయాడు. తెర వెనక రాత్రింబవళ్ళు నడుస్తూ, ఎవరు ఏ కాగితం పంపినా పుచ్చుకుని అరలో పెట్టడం దాని పని. ఇలాంటివాటిని మా వృత్తిలో డీమన్ అంటారు. నేను గుమాస్తా అంటాను. ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తుంది కానీ బుర్ర లేదు. కిటికీ దగ్గరికొచ్చి కాస్త తిప్పి అడిగితే ఇవ్వకూడని కాగితం కూడా తీసి చేతిలో పెడుతుంది.

వేరే ఆఫీసైతే నేను ఇంత చిరాకు పడేదాన్ని కాదు. మాది, కొట్టే మొగుళ్ళ నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకి నీడనిచ్చే సంస్థ. ఊళ్ళో అక్కడక్కడా మామూలు ఇళ్ళు అద్దెకు తీసుకుని వాళ్ళని ఉంచుతారు. ఆఫీసు అందరికీ తెలుసు. కింద ప్రింటింగ్ ప్రెస్, పైన మేము. ఇళ్ళు ఎక్కడున్నాయో మాత్రం ఎవరికీ తెలియకూడదు. దెబ్బల ఫొటోలు, కోర్టు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ గుమాస్తా పుచ్చుకుంటుంది. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో చెప్పే ఫైళ్ళు కూడా అదే మెషీన్‌లో, పక్క ఫోల్డర్‌లోనే ఉన్నాయి. ఒక్కో మనిషి పేరు మీద ఒక్కో ఫైలు. నిప్పునీ దూదినీ ఒకే బీరువాలో సర్దిన మహానుభావుడెవరో నాకు తెలియదు, తెలిస్తే నాలుగు మాటలు అడిగి ఉండేదాన్ని.

ఆ మెషీన్లు చూసుకునేదాన్ని నేను. ప్రోగ్రాం మార్చలేం కాబట్టి దానికి కాపలా పెడతానన్నాను. వార్డెనమ్మ, అంటే ఆ ఇళ్ళన్నిటికీ పెద్ద దిక్కు, నెత్తిన కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ, "ఏం కాపలా? ఇప్పుడు తాళాలున్నాయిగా?" అంది.

"ఉన్నాయండీ. కానీ మామూలు తాళం యజమాని చేతిలో ఉంటుంది. ఫైలు ఎవరిదైతే వాళ్ళు ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేసుకోవచ్చు. గుమాస్తాని మోసం చేస్తే చాలు, అది తన తాళంతోనే తీసిచ్చేస్తుంది. నేను పెట్టేది అలా కాదు. మెషీన్ గుండెకాయలోనే రాసి పెడతాం, ఈ ప్రోగ్రాం ఈ అర దాటి చెయ్యి చాపకూడదు అని. యజమానే వచ్చి 'నాదే, ఇచ్చెయ్' అన్నా ఇవ్వదు."

"యజమాని అడిగినా ఇవ్వదా?" అని వార్డెనమ్మ నవ్వింది. "మా ఆడపిల్లలకి కావలసింది అదే. పెట్టెయ్."

సరిగ్గా ఆ వారమే మా తమ్ముడు భుజాన సంచీతో నా ఇంటికొచ్చాడు. మరదలు ఇల్లు వదిలి వెళ్ళిపోయిందిట.

వాణ్ణి నేను ఇప్పటికీ చంటి అనే పిలుస్తాను. కార్ల షోరూంలో పనిచేస్తాడు. బోడిగుండువాడికి దువ్వెన అమ్మగలడు. అమ్మ ఉద్యోగానికి వెళ్ళిపోతే వాడికి అన్నం పెట్టి, జుట్టు దువ్వి, బడికి పంపింది నేను. పోయినేడాది మరదలి మణికట్టు విరిగింది. జారిపడ్డాను వదినా, అని తను చెప్పింది కానీ నేలని చూస్తూ చెప్పింది. వాణ్ణి పిలిచి చెడామడా తిట్టాను. నా తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడు ఏడిస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అది వాడికీ తెలుసు.

వచ్చిన రోజే అడిగాడు. "అక్కా, మీ ఇళ్ళల్లో ఉందా?"

"నాకు తెలీదురా."

వాడు నా మొహం చూశాడు, ఆ తరవాత నా గొంతు విన్నాడు. నాకో జబ్బుంది. అబద్ధం ఆడితే గొంతు సన్నబడి పిట్టకూతలా వస్తుంది. చిన్నప్పుడు బిస్కెట్లు దాచి, ఇంట్లో లేవురా అంటే చాలు, వాడు పకపకా నవ్వి తిన్నగా వెళ్ళి వెతుక్కునేవాడు. ఆ జబ్బు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈసారి నా గొంతు నిబ్బరంగానే ఉంది. వాడు నమ్మాడు.

"కావాలంటే చూడగలవుగా?"

"చూడగలను. చూడను."

"తోబుట్టువు కోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

"అన్నం చల్లారిపోతోంది, తిను," అన్నాను.

ఇంతవరకూ నేను చేసిందంతా బాగానే ఉంది. పాడుచేసింది నా నోరు. ఆఫీసు చిరాకంతా ఇంటికి మోసుకొచ్చి కంచం ముందు కూర్చుని కుమ్మరించడం నాకు అలవాటు. ఒంటరి కొంప, వినేవాళ్ళు దొరికితే ఆగను. ఆ వారం ఒకరోజు గుమాస్తాని తిడుతున్నాను. "ఇంత మొద్దు ప్రోగ్రాం నేనెక్కడా చూళ్ళేదు చంటీ. స్టాఫ్ పేజీలో ఫొటో పేరు అడుగుతుందా, అక్కడ ఫొటో పేరు బదులు పక్క ఫోల్డర్ పేరు, మనిషి పేరు కొడితే చాలు, ఎవరు ఎక్కడున్నారో కళ్ళకద్దుకుని ఇచ్చేస్తుంది. వెధవది!"

వాడు తల వంచుకుని తింటున్నాడు. "అంత డేంజరా?" అన్నాడు.

"అందుకేగా నేను కాపలా పెడుతున్నది," అన్నాను గొప్పగా.

గోడలకి చెవులుంటాయంటారు. నా ఎదురుగా రెండు చెవులు అన్నం తింటూ కూర్చున్నాయి, నేనే వడ్డించాను.

కాపలా పెట్టడం ఒక్కరోజులో అయ్యేది కాదు. ముందు దానికి నేర్పాలి. నేర్చుకునే రోజుల్లో కాపలా ఎవర్నీ ఆపదు, పక్కన నిలబడి చూస్తుంది. గుమాస్తా ఏ అర తెరిచింది, ఏ ఫైలు చదివింది, ఎక్కడ రాసింది, అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. రోజువారీ పని ఒకసారి పూర్తిగా చూశాక, కూర్చోబెట్టి మనల్ని అడుగుతుంది: ఇది తెరిచింది, ఇకముందు కూడా తెరవనివ్వనా? ఫలానాది చదివింది, చదవనివ్వనా? అవునంటే అది చట్టమైపోతుంది. చూడనివన్నీ నిషేధం.

ఆ ప్రశ్నలు ఒకటా రెండా? అక్షరాల ఫైలు చదివింది, ఇవ్వనా? గడియారం ఫైలు చదివింది, ఇవ్వనా? నా వృత్తిలోవాళ్ళకి ఇక్కడే వేలు బరువెక్కుతుంది. మొదటి పది ప్రశ్నలూ కళ్ళజోడు సర్దుకుని చదువుతాం. ఆ తర్వాత అవును, అవును, అవును అని వేలు తనంతట తనే పోతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. నా మనసు ఆరోజు చంటి మీదుంది. మళ్ళీ పనికి వెళ్తానన్నాడు. గడ్డం గీసుకున్నాడు. వాడు తేరుకుంటున్నాడని సంతోషంగా ఉంది. అవును, అవును, అవును.

మర్నాడు పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. "అక్కా, నీ స్కూటర్ తీసుకెళ్తా, మధ్యాహ్నం ఒక కస్టమర్‌ని కలవాలి," అన్నాడు. నా హెల్మెట్ కూడా ఇచ్చి, నేను బస్సులో ఆఫీసుకి వెళ్ళాను.

ఆరోజు పని పరీక్ష. కాపలాని ఊరికే చూడ్డం మాన్పించి, ఆపమని చెప్పాను. ఆపుతోందో లేదో తెలియాలంటే దొంగ వేషం మనమే వెయ్యాలి. గుమాస్తా కిటికీలోంచి పక్క ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటినీ వరసగా అడిగే చిన్న ప్రోగ్రాం రాశాను. పేర్లూ చిరునామాలూ నా కంటపడకుండా, దొరికిందా దొరకలేదా అన్న ఒక్క ముక్కే చెప్పేలా రాశాను. ఆ పట్టింపు నాకు మొదట్నించీ ఉంది.

అనుమతి లేదు. అనుమతి లేదు. అనుమతి లేదు. తెర మీద ఆ మాట వరసగా దిగుతుంటే కడుపు నిండినట్టుంది. అంతలో మధ్యలో ఒకచోట: దొరికింది. ఆ వెనక మళ్ళీ అనుమతి లేదు, అనుమతి లేదు.

ముందు ప్రోగ్రాం తప్పు రాశానేమో అనుకున్నాను. మళ్ళీ నడిపాను. మళ్ళీ అదే చోట దొరికింది. అన్నిటికీ అడ్డు నిలబడ్డ కాపలా ఒక్కదానికి ఎందుకు పక్కకి తప్పుకుందో అర్థం కాక, నిన్న నేను అవునన్న చట్టాలు తెరిచి పైనుంచి కిందికి చదివాను. అక్షరాల ఫైలు. గడియారం ఫైలు. ఫొటోల అర. ఆ తరవాత పక్క ఫోల్డర్ పేరు, దాని పక్కన ఒకే ఒక్క మనిషి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా. చదవనివ్వవచ్చు.

మా మరదలి పేరు.

కాపలా తప్పేం లేదు. నేర్చుకునే రోజుల్లో గుమాస్తా ఆ ఫైలు తీసిచ్చింది. కాపలా అది చూసింది, రోజూ జరిగేదే కాబోలు అనుకుంది, ఇకముందు ఇవ్వనా అని అడిగింది. నేను అవునన్నాను. దొంగ ఇంట్లో ఉండగా కాపలావాణ్ణి పెట్టి, వీడు మా వాడే అని పరిచయం చేశాను.

ఎవరు అడిగారో చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. స్టాఫ్ పేజీ నుంచి, నా పేరు మీద, మా ఇంటి నుంచి, ఆదివారం మధ్యాహ్నం. ఆదివారం మధ్యాహ్నం నేను నిద్రపోయాను. "అక్కా, సెలవు కోసం మెయిల్ రాయాలి, నీ లాప్‌టాప్ తీసుకోనా?" అని వాడు అడగడం, తీసుకోరా అని నేను అటు తిరిగి పడుకోవడం గుర్తొచ్చాయి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నది ఊరికే అనలేదు.

ఇస్త్రీ చొక్కా. స్కూటరు. మధ్యాహ్నం కస్టమరు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మొదట వాడి నంబరే తీశాను, ఆ మాట దాచను. చంటీ, వెనక్కి రారా అంటే వస్తాడేమో. ఎవరికీ తెలియకుండా, వాడి పేరు బయటికి రాకుండా, నా ఉద్యోగం పోకుండా, ఈ కంత నేనే పూడ్చుకుంటే ఎంత బావుణ్ణు! కానీ నేను పిలిస్తే వాడు ఆగడు, త్వరపడతాడు. ఆ విరిగిన మణికట్టు కళ్ళముందు ఆడింది. ఫోన్ బల్ల మీద పడేసి వార్డెనమ్మ గదిలోకి పరిగెత్తాను.

"ఒకామె చిరునామా బయటికి పోయిందండీ," అని పేరు చెప్పాను. "మా మరదలు. చూసినవాడు మా తమ్ముడు. నా లాప్‌టాప్ నుంచి చూశాడు. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాడని నా అనుమానం."

ఆవిడ టీ పక్కన పెట్టి ఫోన్ తీసింది. "ట్యాంకు కడగడానికి మనుషులొస్తున్నారు, అందరూ బయటికి రండి," అంది అంతే. అది వాళ్ళ ఏర్పాటు. ఆ మాట వినపడితే ఏ ఇంట్లోవాళ్ళైనా పొయ్యి మీదున్నది దించి, పిల్లల్ని ఎత్తుకుని వెనక దారిన వెళ్ళిపోవాలి. చెప్పులు వెతుక్కోవడం కూడా ఉండదు. ఆ తర్వాత పోలీసులకి చేసింది. ఆ తర్వాత నన్ను చూసి, "కూర్చో, పడిపోయేలా ఉన్నావు," అంది.

కబురు వచ్చేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం. కింద ప్రెస్సు నడుస్తుంటే గాజు గ్లాసులు బల్ల మీద సన్నగా వణుకుతున్నాయి. చివరికి ఫోన్ మోగింది. అందరూ బయటపడ్డారు. వాళ్ళు వీధి మలుపు తిరిగిన కాసేపటికే ఒకతను స్కూటర్ మీద వచ్చాడట. పళ్ళ సంచీ పట్టుకుని మర్యాదగా తలుపు కొట్టాడట, పక్కింటివాళ్ళని పలకరించాడట. ఎంతకీ తలుపు తీయకపోయేసరికి హెల్మెట్ తీసి కిటికీ అద్దాలన్నీ పగలగొట్టాడట. పోలీసులు వచ్చేసరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ పక్కన పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్పావా వాళ్ళకి?" అన్నాడు.

"నేనే చెప్పాను."

"నా పెళ్ళాం అడ్రస్ నేను చూసుకుంటే దొంగతనమా? మాట్లాడదామని వెళ్ళా అక్కా. పళ్ళు కూడా కొనుక్కుని వెళ్ళా."

"అద్దాలు పగలగొట్టింది కూడా మాట్లాడ్డానికేనా?"

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. అదే ఏడుపు, మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని. నా చెయ్యి అలవాటుగా వాడి తల మీదకి వెళ్ళబోయింది, మధ్యలో ఆగింది. నాకు వాడంటే భయం వేసింది. నేను పెంచినవాణ్ణి చూసి నేనే భయపడ్డాను. అంత దిక్కులేనితనం నాకు ఎప్పుడూ కలగలేదు.

"పోలీసులు వస్తారు. నేనే రమ్మన్నాను," అన్నాను. "సంచీ సర్దుకో."

వాణ్ణి తీసుకెళ్ళారు, కొన్నాళ్ళకి వదిలిపెట్టారు. మరదలి దరిదాపులకీ, మా ఆఫీసు దరిదాపులకీ రాకూడదని షరతు పెట్టారు. అమ్మ దగ్గరికి వెళ్ళి ఉంటున్నాడు. అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. పోలీసుల ముందు తమ్ముడి మీద సాక్ష్యం చెప్పిన కూతురితో ఏం మాట్లాడుతుంది? హెల్మెట్ మా గుమ్మం పక్కన కొక్కేనికే ఉంది. లోపలి మెత్తలో చిన్న చిన్న గాజుముక్కలు మిగిలిపోయాయి, ఎన్నిసార్లు దులిపినా ఇంకోటి రాలుతుంది.

రాజీనామా రాసుకుని వార్డెనమ్మ దగ్గరికి వెళ్ళాను.

"కన్నం పెట్టి పోతానంటావేంటి? పూడ్చి పో," అంది. "నీకో సంగతి చెప్పనా? ఆ అమ్మాయి వచ్చిన రోజే చెప్పింది, మీ మెషీన్లు చూసేది మా వదినే అని. నిన్ను ఈ పని నుంచి తప్పించేద్దామనుకున్నా. తనే వద్దంది. 'వదిన చూడదండీ' అంది. అంతే, ఇంకేం చెప్పలేదు," అంది.

అక్కడే, ఆవిడ ముందే ఏడ్చేశాను. మరదలు అన్నది నిజమే, నేను చూడలేదు. చూడకపోతే సరిపోతుందనుకున్నాను. ఆ పిల్ల ప్రాణం నా మంచితనం మీద వేలాడిందన్నమాట. మంచితనం ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తుంది, అన్నం తింటూ వాగుతుంది.

ఈసారి కాపలాకి ఏమీ నేర్పలేదు. ఏ ప్రశ్నకీ అవునని కొట్టలేదు. ప్రతి చట్టం నా చేత్తో రాశాను. గుమాస్తాకి ఫొటోల అర తప్ప లోకమే లేదు. ఆ పని అయ్యాక ఇంకో చట్టం రాశాను, అది నాకు. మెషీన్ నాదే, తాళాలు నావే, అయినా నా పేరు మీద ఆ ఫోల్డర్‌లో ఒక్క ఫైలు కూడా తెరుచుకోదు. ఈ చట్టాలు మార్చాలంటే వార్డెనమ్మ తన రహస్యమాట కొట్టాలి.

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. కీబోర్డ్ మీద చేతులు పెట్టి, కొట్టకుండా ఆగింది. "తాళం వేసేముందు ఒక్కసారి చూసుకుంటావా? ఎక్కడుందో, ఎలా ఉందో. నేను ఎవరికీ చెప్పను."

చూడాలని ఎంత ఉందో నాకే తెలుసు. వెళ్ళి కలవాలని కాదు. ఆ ఇంటికి వెలుతురు వస్తుందా, తలుపు గట్టిదేనా, అంతే.

"వద్దండీ," అన్నాను. "నాకు తెలిస్తే వాడికి తెలిసినట్టే. నా గొంతు సంగతి మీకు తెలీదు."

ఆవిడ కొట్టింది.

అప్పుడు పరీక్ష కోసం మరదలి పేరు అడిగాను. అనుమతి లేదు. బావుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ మళ్ళీ అడిగాను. అనుమతి లేదు. ఆ తర్వాత ఊరికే నోటికొచ్చిన పేరేదో కొట్టాను. అలాంటి ఫైలు లేదు, అంది.

నేను టీ గ్లాసు దించాను. లేని ఫైలు అడిగితే లేదంటోంది. ఉన్న ఫైలు అడిగితే ఇవ్వనంటోంది. ఎవరైనా మా నీడ వదిలి వెళ్ళిపోతే వాళ్ళ ఫైలు తీసేస్తారు. అంటే ఆ అనుమతి లేదు అన్న మాటకి అర్థం, తను ఉంది. ఇంకా మా దగ్గరే ఉంది.

అది కంతే. చిన్నదే అయినా కంత కంతే అని నేనే పదిమందికి పాఠం చెప్పినదాన్ని. కానీ పూడ్చలేదు. రోజూ ఆఫీసుకి రాగానే, ఇంకో పని ముట్టుకోకముందే, ఆ పేరు కొట్టేదాన్ని. అనుమతి లేదు. అమ్మయ్య అనుకుని రోజు మొదలుపెట్టేదాన్ని. పలకరించడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు నాకు, ఆ మాటే పలకరింపు అయింది.

ఒకరోజు చంటి ఫోన్ చేశాడు. అమ్మకి బాగాలేదన్నాడు, బీపీ మాత్రలు మార్చారన్నాడు. నెమ్మదిగా, పద్ధతిగా మాట్లాడాడు. ఆ తర్వాత, "ఎక్కడుందో అడగనక్కా. నీకు తెలీదని నాకు తెలుసు. ఇంకా మీ వాళ్ళ దగ్గరే ఉందా, పుట్టింటికి వెళ్ళిపోయిందా, అది చెప్పు చాలు," అన్నాడు.

"నాకేం తెలుసురా?" అన్నాను.

పిట్టకూత. నాకే వినపడింది.

వాడు అటువైపు చిన్నగా నవ్వాడు, బిస్కెట్లు దొరికినప్పటి నవ్వు. "ఉందన్నమాట," అన్నాడు. "అయితే ఊళ్ళోనే ఉంది. థ్యాంక్స్ అక్కా."

ఫోన్ పెట్టేశాడు. తలుపులన్నీ మూసి, నా సుఖం కోసం ఒక సందు అట్టిపెట్టుకున్నాను. వాడు ఆ సందులోంచే చూశాడు, నా గొంతులోంచి.

తిన్నగా వార్డెనమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ముందు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడింది. మరదల్ని ఈ ఊరి నుంచే పంపించేస్తారో, పంపరో, నేను వినకుండా గది బయట నిలబడ్డాను. ఆ తరవాత వచ్చి నా పక్కన కూర్చుని రహస్యమాట కొట్టింది. నేను ఒకే ఒక్క వాక్యం మార్చాను. ఇప్పుడు ఆ ఫోల్డర్ గురించి నేను ఏ పేరు అడిగినా, ఉన్నా లేకపోయినా, ఒకటే జవాబు.

నోటికొచ్చిన పేరు కొట్టాను. అనుమతి లేదు. మరదలి పేరు కొట్టాను. అనుమతి లేదు. నా పేరు కూడా కొట్టాను. అనుమతి లేదు.

"రేపట్నించి ఎలా?" అంది వార్డెనమ్మ. నేను రోజూ పొద్దున్న ఏం చేస్తున్నానో ఆవిడకి అర్థమైంది.

"టీ ఒక్కటే తాగుతానండీ," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

వానలు మొదలయ్యాక అమ్మ తనంతట తనే ఫోన్ చేసింది. వెనక టీవీ శబ్దం, ఆ దగ్గర్లోనే చంటి దగ్గు. స్పీకర్ పెట్టారని తెలుస్తూనే ఉంది.

"ఏమే," అంది అమ్మ. "వాడి కోసం అడగట్లేదే. నా కోసమే అడుగుతున్నా. ఆ పిల్ల ఉందా? బాగుందా? బతికుందా అసలు?"

అమ్మ గొంతు నిజంగానే వణికింది. మరదలంటే అమ్మకి ఇష్టమే, కొడుకంత కాదు, అంతే. ఉందమ్మా, బాగుందమ్మా అని చెప్పి ఆ ముసలి ప్రాణానికి నిద్ర పట్టించాలని ఎంత అనిపించిందో. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

"తెలీదమ్మా," అన్నాను.

నా గొంతు నిబ్బరంగా వచ్చింది, చిన్న జీర కూడా లేకుండా. అటువైపు టీవీ ఆపేశారు. చంటి అమ్మతో అనడం వినపడింది: "నిజమే. దానికి తెలీదు."

ఫోన్ పెట్టేశాక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వాన పడుతూనే ఉంది. ఎక్కడుందో, ఏ ఊళ్ళో ఉందో, అక్కడ కూడా పడుతోందేమో నాకు తెలియదు. అప్పుడు ఏడ్చాను.